దూరం తర్వాత, ముందు మోకాలు చాపండి

విశాఖ పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మోకీలు, తుంటికీలు మార్చుకున్నవాళ్లవే. అందరి గోడూ ఒకటే: ఆపరేషన్ బాగానే అయిందన్నారు, ఎక్స్‌రే బాగుంది, నడక మాత్రం కుదురుకోలేదు. ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు కలిసి ఇచ్చిన జవాబులివి. కాలి మీద బరువు వేయొద్దనో, ఫలానా కదలిక వద్దనో మీ సర్జన్ ప్రత్యేకంగా చెప్పి ఉంటే మాత్రం మీకు ఆ మాటే ప్రమాణం, మాది కాదు.

ప్రశ్న: నా వయసు 64. ఎడమ మోకీలు మార్చి 5 వారాలైంది. మేడ మీద రోజూ పొద్దున ఏకబిగిన 40 నిమిషాలు నడుస్తున్నాను. మోకాలు 100 డిగ్రీలు వంగుతోందని ఫిజియో గారు మెచ్చుకున్నారు. అయినా కుంటు పోలేదు. సాయంత్రానికి మోకాలు ఉబ్బిపోతోంది. రాత్రి దాని కింద దిండు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టదు. ఇంకా ఎంతసేపు నడవాలి?
– గాజువాక పాఠకురాలు

జవాబు: ఇంకా నడవడం తర్వాత సంగతి. ముందు ఆ దిండు తీసేయండి.

మోకీలు మార్చుకున్నవాళ్లను పలకరించడానికి వచ్చినవాళ్లంతా "ఎంత వంగింది?" అనే అడుగుతారు. ఎంత చాపగలుగుతున్నారని అడిగేవాళ్లు అరుదు. నిజానికి చదునైన నేల మీద నడవడానికి మోకాలు 60–65 డిగ్రీలు వంగితే సరిపోతుంది. మెట్లకు 90 దాకా, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడానికి సుమారు 100 కావాలి. అవన్నీ మీకు వచ్చేశాయి. కుంటుకు కారణం వంపులో కాదు, చాపులో ఉందనిపిస్తోంది. మడమ నేలకు తగిలే క్షణంలో మోకాలు దాదాపు నిటారుగా ఉండాలి. 10 డిగ్రీల వంపు మిగిలిపోయినా ఆ కాలు పొట్టిదైనట్టే, శరీరం అటు ఒరుగుతుంది. పైగా వంగిన మోకాలి మీద ఒళ్లంతటినీ తొడ ముందు కండరం ఒక్కటే మోయాలి. బళ్లో గోడకుర్చీ వేయించినప్పుడు తొడలు ఎలా వణికేవో గుర్తుందా? మీ తొడ 40 నిమిషాలు చేస్తున్న పని అదే.

దిండు వల్ల హాయిగా ఉండే మాట నిజమే. వాచిన మోకాలు కొద్దిగా వంగి ఉంటేనే లోపల ఒత్తిడి తగ్గుతుంది. కానీ రాత్రంతా అలా ఉంటే వెనక వైపు కణజాలం ఆ వంపులోనే బిగుసుకుంటుంది.

ఇలా చూసుకోండి. గట్టి మంచం మీద వెల్లకిలా పడుకుని కాళ్లు చాపి, వేళ్లు పైకప్పు వైపు పెట్టండి. మోకాలి వెనక ఇంట్లోవాళ్ల అరచేయి సులువుగా దూరిపోతే చాపు తక్కువగా ఉన్నట్టు. ఇప్పుడు మోకాలిని కిందికి నొక్కమన్నప్పుడు ఆ చేయి నలగాలి. నలగకపోతే బిగువు ఉండటమే కాదు, కండరానికి బలం కూడా లేదని అర్థం.

చికిత్స చాలా సాదాసీదాది, అందుకే ఎవరూ శ్రద్ధగా చెయ్యరు. తువ్వాలును 4 అంగుళాల మందాన చుట్టి మడమ కింద పెట్టుకోండి. మోకాలి కింద కాదు, మడమ కిందే. మోకాలు గాల్లో ఉంటుంది, దాని బరువుకు అదే కిందికి సాగుతుంది. మొదట 5 నిమిషాలు, వారంలో 10–15 నిమిషాల దాకా పెంచుతూ రోజుకు నాలుగుసార్లు. లాగుతుంది, అది ఉండాల్సిందే. చురుక్కుమని పొడిస్తే మాత్రం ఆపాలి. ఆ స్థితిలోనే తొడను బిగించి మోకాలిని మంచానికేసి నొక్కి 5 సెకన్లు పట్టి వదలండి, విడతకు 10 సార్లు. బిగించినప్పుడు ఊపిరి బిగబట్టకండి. టీవీ చూసేటప్పుడు మడమను ఎదుటి స్టూలు మీద పెట్టుకుంటే ఒక విడత తెలియకుండానే అయిపోతుంది. కుట్ల గాయం పూర్తిగా మానిందని డాక్టరు చెప్పాక, బోర్లా పడుకుని పాదాలూ పిక్కలూ మంచం అంచు బయటికి వేలాడేసి 3–5 నిమిషాలు ఉండొచ్చు.

ఇక నడక. ఆ 40 నిమిషాలను ముక్కలు చేయండి: 8–10 నిమిషాల చొప్పున నాలుగుసార్లు. ఎందుకంటే మోకాట్లో నీరు చేరితే తొడ కండరానికి వెళ్లే ఆదేశాన్ని నరాలే తగ్గించేస్తాయి. ఎంత పట్టుదల ఉన్నా ఆ కండరం పూర్తిగా బిగియదు. అంటే ఎక్కువ నడిస్తే వాపు, వాపుతో బలహీనత, బలహీనతతో కుంటు. మోకాలిచిప్ప మధ్యలో టైలరు టేపుతో పొద్దున లేవగానే ఓసారి, రాత్రి ఓసారి కొలవండి. మేం వాడే కొండగుర్తు ఒకటి: తెల్లారి లేచేసరికి కూడా కొలత ముందురోజు పొద్దుటికంటే సెంటీమీటరు ఎక్కువుంటే నిన్నటి నడక ఎక్కువైనట్టు, మూడో వంతు తగ్గించాలి. నడక అయ్యాక పడుకుని, మడమ కింద రెండు దిళ్లు పెట్టి కాలిని గుండెకంటే ఎత్తులో ఉంచి, గుడ్డలో చుట్టిన ఐసును 15 నిమిషాలు పెట్టండి. కోత పక్కన చర్మం మొద్దుబారి ఉంటుంది కనుక ఐసు నేరుగా తగిలితే చర్మం దెబ్బతిన్నా మీకు తెలియదు.

నడిచేటప్పుడు కళ్లతో కాదు, చెవులతో చూసుకోండి. గచ్చు మీద అడుగుల చప్పుడు వినండి. ఒకటి బరువుగా 'టప్' అని, రెండోది తొందరగా పడిపోతున్నట్టు వినిపిస్తే, మార్చిన కాలి మీద మీరు నిలబడే సమయం తక్కువ. ఒకటి, రెండు అని సమంగా లెక్కపెడుతూ అడుగు చిన్నది చేసుకోండి, చప్పుడు కలుస్తుంది. ప్రతి అడుగులో మడమ ముందు, వేళ్లు తర్వాత. ఇంకోటి, ఆ హవాయి చెప్పులు వదిలేయండి. జారిపోకుండా వేళ్లతో పట్టుకోవాల్సి రావడంతో కాలు ఈడుస్తారు, మడమ ముందు పడదు. వెనక పట్టీ ఉన్న శాండల్ ఇంట్లో కూడా వేసుకోండి.

ఇవన్నీ రెండు వారాలు చేసినా చాపు మెరుగవకపోతే సర్జన్‌కు చూపించండి. పక్కింటివాళ్లకు మీలా వంగడం కుదరక, 6 వారాలకు కూడా 90 డిగ్రీలు రాకపోతే వాళ్లూ ఆగకూడదు. బిగుసుకున్న మోకాలిని మత్తిచ్చి వంచే పని సాధారణంగా 12 వారాల లోపే చేస్తారు. ఆ తర్వాత లోపలి మచ్చ కణజాలం గట్టిపడిపోతుంది.

ప్రశ్న: మావారికి కుడి మోకీలు మార్చారు. కర్ర కుడిచేత్తోనే పట్టుకుంటున్నారు. ఎడమచేత్తో పట్టాలని మా ఆడపడుచు అంటోంది. ఎవరు రైటు?
– అక్కయ్యపాలెం

జవాబు: మీ ఆడపడుచుగారే. కర్ర ఎప్పుడూ ఆపరేషన్ కాలికి ఎదుటి చేతిలో ఉండాలి. మార్చిన కాలూ కర్రా ఒకేసారి ముందుకు పడాలి. అప్పుడు బరువు రెంటి మధ్యా పంచుకుంటుంది. అదే వైపు పట్టుకుంటే మనిషి మొత్తం ఆ వైపుకే ఒరిగి, కుంటు అలవాటుగా స్థిరపడిపోతుంది. ఎత్తు విషయం: చెప్పులు వేసుకుని చేతులు వేలాడేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు గీత దగ్గరకు రావాలి. పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా వంగుతుంది. కొన్నప్పుడున్న ఎత్తులోనే వాడేసేవాళ్లు ఎక్కువ, భుజం నొప్పి వచ్చాక ఇటు చూస్తారు. కింద రబ్బరు బుష్ అరిగి గీతలు పోతే వెంటనే మార్చండి, తడి టైల్స్ మీద అదే ప్రాణం. కర్ర ఎప్పుడు వదలాలో మీరే చెప్పొచ్చు: కర్ర లేకుండా పది అడుగులు వేయమని వెనక నుంచి చూడండి. భుజాలు ఊగకపోతే ఇంట్లో వదిలేయొచ్చు, బజారుకు ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి.

ప్రశ్న: మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆపరేషన్ అయి 3 వారాలు. మెట్లు దిగితే మోకీలు అరిగిపోతుందని చుట్టాలు భయపెడుతున్నారు.
– మధురవాడ

జవాబు: మెట్ల వల్ల అరగదు. పడిపోతేనే ప్రమాదం. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దాని వెనకే మార్చిన కాలూ కర్రా అదే మెట్టు మీదకి. దిగేటప్పుడు కర్రా మార్చిన కాలూ ముందు, మంచి కాలు తర్వాత. రెండూ మార్చుకున్నవాళ్లు బలంగా ఉన్నదాన్ని మంచి కాలు అనుకోవాలి. ఒక చేయి రెయిలింగ్ మీద, రెండో చేతిలో కర్ర. తోడు వచ్చేవాళ్లు ఎప్పుడూ మీకంటే కింది మెట్టు మీద ఉండాలి. సంచీ చేతిలో కాదు, అడ్డంగా భుజానికి. చీరైతే కుచ్చిళ్లు చీలమండ పైకి కట్టుకోండి.

మెట్టుకొక కాలు చొప్పున ఎక్కడం 6–8 వారాల తర్వాత. ముందు అట్టడుగు మెట్టు దగ్గరే సాధన చేయండి: మార్చిన పాదం మెట్టు మీద పూర్తిగా పెట్టి, ఒళ్లు ముందుకు వంచి, మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా లేవండి. 10 సార్లు. వెనక కాలి వేళ్లతో నేలను తన్ని లేస్తున్నారేమో చూసుకోండి, అందరూ చేసే మోసం అదే. ఎక్కడం కంటే దిగడం ఆలస్యంగా వస్తుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు ఆపాలి కాబట్టి అది సహజం.

ప్రశ్న: నాకు 58. కుడి తుంటి మార్చి 7 వారాలైంది. ఆ కాలు పొడుగైనట్టుంది, నడిస్తే ఒళ్లు పడవలా ఊగుతోంది. ఎడమ చెప్పుకు అట్ట వేయించుకోమంటున్నారు.
– పెందుర్తి

జవాబు: చెప్పులు కుట్టేవారి దగ్గరకు ఇప్పుడే వెళ్లకండి. కీలు అరిగిన ఏళ్లలో ఆ కాలు పొట్టిదై, నడుము దానికి తగ్గట్టు ఒరిగి ఉంటుంది. ఇప్పుడు కాలు అసలు పొడవుకు వచ్చినా నడుము ఇంకా పాత లెక్కలోనే ఉంది. చాలామందికి ఇది 3 నెలల్లో సర్దుకుంటుంది. ఇప్పుడే అట్ట వేస్తే ఆ ఒరుగు అలాగే ఉండిపోతుంది. 3 నెలలు దాటాక కూడా తేడా అనిపిస్తే ఎక్స్‌రేలో కొలిపించండి. సెంటీమీటరు లోపు నిజమైన తేడాను శరీరం సాధారణంగా సర్దుకుంటుంది.

ఊగడం వేరే సంగతి. పిరుదు పక్కన ఉండే కండరం బలహీనంగా ఉంటే, కుడికాలి మీద నిలబడ్డప్పుడు నడుము ఎడమ వైపుకు జారుతుంది. అద్దం ముందు వంటగట్టు పట్టుకుని కుడికాలి మీద నిలబడి చూడండి, లుంగీ ముడి పక్కకి వాలితే అదే. దీనికి నిలబడి కాలిని పక్కకి ఎత్తడమే మందు: వేళ్లు ముందుకే చూస్తూ, నడుము ఒరగకుండా జానెడు ఎత్తితే చాలు. రెండు కాళ్లతోనూ 10 చొప్పున మూడు విడతలు. కాలు ఎంత ఎత్తామన్నది ముఖ్యం కాదు, ఒళ్లు నిటారుగా ఉందా లేదా అన్నదే. ఊగు పోయేదాకా కర్ర ఎడమచేతిలో ఉండాల్సిందే. అది పరువు తక్కువ కాదు, ఊగుతూ నడిస్తేనే నడుంనొప్పి కొనితెచ్చుకోవడం.

కోత వెనక వైపు నుంచి చేశారా అని మీ సర్జన్‌ను అడగండి. వెనక నుంచైతే ఆయన ఇక ఫర్వాలేదనే వరకు, అంటే సాధారణంగా 6–12 వారాలు, తుంటిని 90 డిగ్రీలు దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. మునిగిపోయే సోఫా, నేల మీద పడ్డ వార్తాపత్రిక, కుంగిన కారు సీటు, ఇవే మూడు ఉచ్చులు. కారులో ముందు పిరుదులు ఆనించి, వెనక్కి వాలి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోండి.

చిన్న ప్రశ్నలకు చిన్న జవాబులు

మోకాట్లో టిక్‌టిక్ శబ్దం (సీతమ్మధార): లోహమూ ప్లాస్టిక్కూ తగిలే చప్పుడు. నొప్పీ వాపూ లేకపోతే పట్టించుకోకండి.

కోతకు బయటివైపు తిమ్మిరి (డాబాగార్డెన్స్): చర్మానికి వెళ్లే సన్నటి నరం కోతలో తెగుతుంది. ఏడాదిలో ఆ మేర తగ్గుతూ వస్తుంది, కొంత ఎప్పటికీ ఉండొచ్చు. నడకకు దానితో సంబంధం లేదు.

నీ-క్యాప్ వేసుకోవాలా (మర్రిపాలెం): అక్కర్లేదు. మన ఊరి ఉక్కలో దాని కింద చెమట పట్టి మచ్చ దగ్గర చర్మం ఒరుస్తుంది.

ఒక పిక్కే వాచి గట్టిపడి నొప్పి (కంచరపాలెం): ఆ రోజే ఆసుపత్రికి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాంతో పాటు ఆయాసం, ఛాతీనొప్పి ఉంటే 108. పిక్కను మర్దన చేయనివ్వకండి. అలాగే కోత నుంచి కొత్తగా రసి కారినా, జ్వరంతో మోకాలు ఎర్రబడినా మందులషాపు యాంటీబయాటిక్ వేసుకుని ఊరుకోకుండా నేరుగా సర్జన్ దగ్గరకు వెళ్లాలి.

ప్రశ్న: 10 వారాలైంది. బీచ్‌రోడ్డులో నడవొచ్చా? వచ్చే ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కు ఉంది.
– ఎంవీపీ కాలనీ

జవాబు: బీచ్‌రోడ్డు బాగుంటుంది. పొద్దున బళ్లు ఆపేసే వేళలో ఆర్కే బీచ్ వైపు కాలిబాట కాదు, రోడ్డు మధ్యలో నడవండి. అంచుల్లో వాననీరు పోయేందుకు వాలు ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. మొదట 10 నిమిషాలు వెళ్లి 10 నిమిషాల్లో వెనక్కి. వారానికి 5 నిమిషాలకు మించి పెంచొద్దు. ఇసుకలోకి దిగకండి. పొడి ఇసుక కాలు తిప్పేస్తుంది, తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలుగా ఉంటుంది, అల వెనక్కి లాగినప్పుడు పాదం కింద నేలే జారుతుంది.

ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, అదీ జనంలో, రాత్రి. ఆపరేషన్ అయిన ఏడాదిలో మేం ఒప్పుకోం. ఆ తర్వాత కూడా రోజూ 5 కిలోమీటర్లు మర్నాటికి వాపు లేకుండా నడిచేవాళ్లే, అదీ సర్జన్ సరేనన్నాక, ఆలోచించాలి. ఈ ఏడాదికి కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ మీదకి బస్సెక్కండి. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు ఏ కాలు ముందో మధురవాడ వారికి చెప్పాం.