ఐసీయూ నుంచి వచ్చాక నాన్న మనిషే మారిపోయారు, ఇది పిచ్చా?

పిచ్చి కాదండి. 19 రోజులు ఐసీయూలో ఉండొచ్చిన మీ నాన్నగారు రెండు నెలలైనా పేర్లు మరిచిపోతున్నారని, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారని, రిపోర్టులేమో నార్మల్ అంటున్నారని గుణుపూర్ నుంచి రాశారు. మేం రాయగడలో ఇదే చూశాం.

నిమోనియా ముదిరితే నాన్నని విశాఖ తీసుకెళ్లాం. 12 రోజులు వెంటిలేటర్. డిశ్చార్జ్ రోజు మందుల చీటీ చేతిలో పెట్టి "ఇంక భయం లేదు" అన్నారు. ఇంటికెళ్లాక ఎలా ఉంటారో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

నాన్నది కిరాణా కొట్టు. బేరం ఒడియాలో, లెక్క తెలుగులో, అంతా నోటి మీదే. అలాంటి మనిషి 62 రూపాయల సరుక్కి వంద నోటు తీసుకుని, తిరిగెంతివ్వాలో తెలీక నా మొహం చూశారు. గాలి సోకిందన్నారు వీధిలోవాళ్లు. అమ్మ మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది. చివరికి తెలిసిన డాక్టరొకాయన చెప్తేగానీ దీనికో పేరుందని తెలీలేదు: పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్. ఒళ్లు, బుర్ర, మనసు మూడూ దెబ్బతింటాయి.

ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. 2013లో అమెరికావాళ్లు 821 మంది రోగుల మీద చేసిన అధ్యయనం వచ్చింది. మూడు నెలలకి పరీక్షిస్తే పదిమందిలో నలుగురి ఆలోచనా శక్తి, తలకి ఓ మోస్తరు గట్టి దెబ్బ తగిలినవాళ్ల స్థాయిలో ఉందట. ఏడాదికి కూడా 34 శాతం మంది అలాగే ఉన్నారు. కుర్రవాళ్లకీ తప్పలేదు. ఐసీయూలో పలవరింతలు, మతి తప్పడం ఎన్ని ఎక్కువ రోజులుంటే తర్వాత అంత ఇబ్బంది. కండ సంగతి లండన్‌వాళ్లు కొలిచారు: పది రోజుల్లో తొడ ముందు కండ దాదాపు 18 శాతం తగ్గిపోయింది. నాన్న పీట మీంచి లేవలేకపోతే బద్ధకం అనుకున్నాం మేం.

"నన్ను కట్టేసి గూడ్సు బండిలో పడేశారు, మీరెవరూ రాలేదు" అనేవారు నాన్న. అదేం లేదు నాన్నా అని ఎంత చెప్పినా కోపమే. కొన్ని దేశాల్లో నర్సులు, ఇంటివాళ్లు రోజూ ఏం జరిగిందో డైరీలో రాసి, కోలుకున్నాక రోగికిస్తారు. మా దగ్గర డైరీ ఎక్కడిది? మందుల బిల్లులు, నా ఫోన్లో కాల్స్ ముందేసుకుని, కొట్టులోని పాత ఖాతా పుస్తకంలో తారీకులవారీగా రాశాను. "గొట్టం పీకేసుకుంటున్నారని చేతులు కట్టారు. అమ్మ బయటే కూర్చుంది." ఆ లైను మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నారు. గూడ్సు బండి మాట మెల్లగా తగ్గింది. ఇది అందరికీ పనిచేస్తుందని అననండోయ్. ఫ్రాన్స్‌లో 657 మందితో చేసి 2019లో ప్రచురించిన ట్రయల్లో డైరీ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మిగతావి చిన్న పనులే. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు రోజూ కుర్చీలోంచి లేచి కూర్చోవడం, డాక్టర్ని అడిగి గుడ్లు, పప్పు పెంచడం, సాయంత్రం చిల్లర లెక్కపెట్టించడం. నిద్ర, దిగులు గురించి మానసిక వైద్యుడికి చూపించడానికి మొహమాటపడకండి. డిశ్చార్జ్ సమ్మరీ వెంట తీసుకెళ్లి, వెంటిలేటర్ మీద ఎన్ని రోజులున్నారో ముందే చెప్పండి.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వెంటిలేటర్ గొట్టం తీసిన వారాలకో నెలలకో శ్వాసనాళం సన్నబడొచ్చు. ఊపిరి తీస్తుంటే ఈల లాంటి చప్పుడొస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. మాట తడబడినా, చెయ్యీ కాలూ ఒక్కసారి పట్టు తప్పినా పక్షవాతం కావచ్చు, క్షణం ఆగొద్దు.

నాన్నకి గల్లాపెట్టె దగ్గర ధైర్యంగా కూర్చోడానికి ఏడాదిన్నర పట్టింది. పక్కనే కాలిక్యులేటర్ ఉంటుంది. కొట్టు తాళాలు మాత్రం ఇప్పటికీ అమ్మ కొంగునే.