టెక్ సందేహాలు: రాత్రికి కంప్యూటర్ ఆపేయాలా, అలాగే ఉంచాలా?

ప్రశ్న: మా డెస్క్‌టాప్‌ను నేను ఆఫీసు పనికి, పిల్లలు చదువుకు వాడతాం. పడుకునే ముందు షట్‌డౌన్ చేయాలని నేనంటాను. మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేస్తే పార్టులు త్వరగా పోతాయి, అలాగే వదిలేయమని మావారు అంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీవారి మాట ఊరికే పుట్టింది కాదు. 1940ల్లో అమెరికాలో తయారైన ఎనియాక్ కంప్యూటర్‌లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులు (చూడటానికి బల్బుల్లాంటి గాజు భాగాలు) ఉండేవి. స్విచ్ వేసినప్పుడు వేడెక్కే సమయంలోనూ, ఆపాక చల్లారే సమయంలోనూ అవి ఎక్కువగా పాడయ్యేవి. అందుకే దాన్ని ఏళ్ల తరబడి ఆపకుండా నడిపారు. ట్యూబులు పోయాయి గానీ ఆ భయం మాత్రం మిగిలింది.

తర్వాత వచ్చిన హార్డ్‌డిస్కులు కూడా ఆ భయాన్ని కొంత నిలబెట్టాయి. డిస్కు ఎన్నిసార్లు ఆగి మళ్లీ తిరగడాన్ని తట్టుకుంటుందో కంపెనీలు ఒక లెక్క ఇస్తాయి. పాత డెస్క్‌టాప్ డిస్కులకు 50 వేల సార్లు అని రాసి ఉండేది. రోజుకు పదిసార్లు ఆపి, వేసినా ఆ లెక్క పూర్తవడానికి 13 ఏళ్లు దాటుతుంది. హార్డ్‌డిస్కుకు బదులు ఇప్పుడు వాడుతున్న ఎస్‌ఎస్‌డీలో అసలు తిరిగే భాగమే లేదు. వేడికి బోర్డు మీది అతుకులు కొద్దిగా వ్యాకోచించి, చల్లారాక సంకోచించే మాట నిజమే. కానీ రోజుకు ఒకటి రెండుసార్లు ఆపితే కంగారు పడాల్సిన పని లేదు.

నడుస్తూ ఉండటం వల్ల కలిగే అరుగుదలను మాత్రం చాలామంది పట్టించుకోరు. ఫ్యాను తిరిగినంతసేపూ దుమ్మును లోపలికి లాగుతూనే ఉంటుంది. పవర్ సప్లైలో కరెంటును కాసేపు నిల్వ ఉంచే కెపాసిటర్లు వేడిలో గడిపిన గంటలను బట్టి ముసలివవుతాయి. కరెంటు సంగతి సరేసరి. ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్న డెస్క్‌టాప్ 60 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రాత్రి పది గంటలకు 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఇంకా ఎక్కువ. స్లీప్‌లో పెడితే ఇదే యంత్రానికి సాధారణంగా కొద్ది వాట్లు చాలు. మానిటర్ మీద స్క్రీన్ సేవర్ తిరుగుతుంటే కరెంటు ఆదా అవుతుందనుకోవడం కూడా పొరపాటే. పాత పిక్చర్ ట్యూబు తెరల మీద కదలని బొమ్మ మచ్చగా మిగిలిపోకుండా అవి పుట్టాయి. ఆదా కావాలంటే తెర ఆరిపోయేలా సెట్ చేయండి.

కాబట్టి ఈ విషయంలో నేను మీ పక్షమే. ఏ పనీ లేకుండా రాత్రంతా నడిపించడం ఒక్కటే తప్పు. స్లీప్, షట్‌డౌన్‌లలో ఏది ఎంచుకున్నా టెన్షన్ అక్కర్లేదు. గంటలో మళ్లీ కూర్చుంటారంటే స్లీప్, రెండు మూడు రోజులు ముట్టుకోరంటే షట్‌డౌన్. బ్యాకప్ జరుగుతున్నా, పెద్ద ఫైలు డౌన్‌లోడ్ అవుతున్నా ఆ ఒక్క రాత్రికి ఆన్‌లో వదిలేయండి, మానిటర్ మాత్రం ఆపండి.

ప్రశ్న: నేను ప్రతి రాత్రీ తప్పకుండా షట్‌డౌన్ చేస్తాను. అయినా సిస్టమ్ స్లో అయింది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే అప్‌టైమ్ (ఆగకుండా నడిచిన సమయం) 11 రోజులు అని ఉంది. వైరస్ పనా?

జవాబు: వైరస్ కాదు. విండోస్ తనంతట తాను చేసే పనే ఇది, కానీ వాడేవాళ్లకు ఎవరూ చెప్పరు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే పద్ధతి వచ్చింది. విండోస్ 10, 11లలోనూ ఉంది. ఇది పనిచేస్తుంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మీరు తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి, మీ అకౌంట్ సైన్ అవుట్ అవుతుంది. విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్, దాంతోపాటు ప్రింటర్, వైఫై లాంటివాటిని నడిపించే డ్రైవర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే డిస్కులో దాచుకుంటాయి. పొద్దున మీరు ఆన్ చేయగానే ఆ దాచినదాన్నే విండోస్ తిరిగి ర్యామ్‌లోకి, అంటే పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీలోకి తెచ్చుకుంటుంది. త్వరగా తెరుచుకోవడానికి, అప్‌టైమ్ లెక్క ఆగకుండా సాగడానికి కారణం అదే. నిన్న డ్రైవర్‌లో వచ్చిన గందరగోళం ఈరోజు కూడా వెంట రావడానికీ అదే కారణం. ప్రింటర్ పలకడం లేదనో, వైఫై కనిపించడం లేదనో షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసి, ఫలితం లేక విసిగిపోయేవాళ్లలో చాలామందికి అసలు సంగతి ఇదే.

రీస్టార్ట్ అలా కాదు. అది అన్నింటినీ పూర్తిగా తుడిచి మొదటి నుంచి మొదలుపెడుతుంది. పేర్లు చూస్తే షట్‌డౌన్ పెద్ద పని, రీస్టార్ట్ చిన్న పని అనిపిస్తుంది. ఇక్కడ తిరగబడింది. వారానికోసారి రీస్టార్ట్ చేయండి, అప్‌టైమ్ సున్నాకు వస్తుంది. నిజంగానే పూర్తిగా ఆపాలనుకుంటే షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఆ పద్ధతే వద్దనుకుంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయవచ్చు. టిక్ మసకగా ఉంటే పైన సెట్టింగ్స్ మార్చే లింకు నొక్కాలి. ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకు తేడా కొద్ది సెకన్లే, తీసేయమనే నా సలహా. అదే కంప్యూటర్‌లో విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్ కూడా పెట్టుకున్నవాళ్లు తప్పకుండా తీసేయాలి. లేకపోతే విండోస్ డ్రైవ్ సగం తెరిచినట్టు ఉండిపోయి, లైనక్స్ దాంట్లో రాయలేకపోవచ్చు.

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు విడుదల చేస్తుంది. వాటిలో చాలా భాగం రీస్టార్ట్ అయితే తప్ప పూర్తిగా అమల్లోకి రావు. కంప్యూటర్‌ను వారాల తరబడి ఆన్‌లో ఉంచి, రీస్టార్ట్ నోటీసు వచ్చిన ప్రతిసారీ 'తర్వాత' నొక్కేవాళ్లను చూస్తే నాకు నిజంగా ఆందోళనగా ఉంటుంది. అవతల దొంగలకు తెలిసిపోయిన లోపం, మీ దగ్గర మూయకుండా అలాగే ఉంటుంది.

ప్రశ్న: స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే?

జవాబు: స్లీప్‌లో మీ పని ర్యామ్‌లో ఉంటుంది, ర్యామ్‌కు కరెంటు కావాలి. పోతే సేవ్ చేయనిది పోతుంది. హైబర్నేట్ అయితే డిస్కులో రాసి పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి ఏమీ కాదు. చాలా డెస్క్‌టాప్‌లలో ఈ రెంటినీ కలిపిన హైబ్రిడ్ స్లీప్ ఉంటుంది, పవర్ ఆప్షన్స్‌లో ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఏదైనా సరే, లేచేముందు ఫైలు సేవ్ చేయడం మానొద్దు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ మూత వేసి బ్యాగులో పెట్టాను. తీసేసరికి కాలిపోతోంది, బ్యాటరీ సగం అయిపోయింది. బ్యాటరీ పాడైందా?

జవాబు: బ్యాటరీ బాగానే ఉండొచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పాత స్లీప్ లేదు, మోడ్రన్ స్టాండ్‌బై ఉంటుంది. ఫోన్ లాగా తెర ఆరినా లోపల నెట్ చూసుకుంటూ, మెయిల్ తెచ్చుకుంటూ ఉంటుంది. ఏదో ఒక ప్రోగ్రామ్ దాన్ని నిద్రపోనివ్వకపోతే గాలి ఆడని బ్యాగులో వేడెక్కుతుంది. లిథియం బ్యాటరీకి వేడి బద్ధశత్రువు. బయటికి తీసుకెళ్లేటప్పుడు హైబర్నేట్ చేయండి, లేదా షట్‌డౌన్ చేయండి. మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా కూడా అదే పవర్ ఆప్షన్స్‌లో మార్చుకోవచ్చు.

ప్రశ్న: షట్‌డౌన్ చేశాక గోడ దగ్గర స్విచ్ కూడా ఆపాలా?

జవాబు: రోజూ ఆపితే కొద్దిపాటి ఆదా అవుతుంది, హాని లేదు. టైమ్, తేదీ గుర్తుంచుకోవడానికి మదర్‌బోర్డు మీద చిన్న నాణెం ఆకారపు బ్యాటరీ ఉంటుంది. తరచూ గడియారం వెనకబడితే దాన్ని మార్చాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం స్విచ్ ఆపడం చాలదు. ముందుగానే ప్లగ్ పీకేయండి, రౌటర్ నుంచి వచ్చే కేబుల్ కూడా.