నాన్న పోయాక వీణ పట్టుకుంటే ఏడుపొస్తోంది, మానేయాలా?

రాజాం దగ్గర ఒక ఊరి నుంచి ఒకావిడ రాశారు, పేరు చెప్పొద్దన్నారు. వయసు 38. పెళ్ళికి ముందు ఆరేళ్ళు వీణ నేర్చుకుని వర్ణాలు అనే పై పాఠాల దాకా వచ్చారు, పెళ్ళయ్యాక 16 ఏళ్ళు దాన్ని ముట్టుకోలేదు, వీణేమో పుట్టింట్లో రేకుల కింద అటక మీద ఉండిపోయింది. ఎనిమిది నెలల కిందట వాళ్ళ నాన్నగారు పోయారు, ఆ ఇల్లు సర్దుతుంటే వీణ కనిపించి ఇంటికి తెచ్చుకున్నారు. ఇప్పుడు వాయిద్దామని కూర్చుంటే చాలు ఏడుపు. నాన్నకి ఇష్టమైన మోహనరాగం గీతంలో ఒక చోటుందట, అక్కడికి రాకముందే కళ్ళు నిండిపోతున్నాయట. పైగా ఏ స్వరం పట్టుకున్నా అపస్వరమే, వేళ్ళు మర్చిపోయాయి, నేనిక పనికిరాను అంటున్నారు. భర్తని పోగొట్టుకున్న అత్తగారేమో "ఏటమ్మా, మీ నాన పోయి ఏడాదైనా కాలేదు, అప్పుడే ఇంట్లో పాటలేటి" అంటారు. భర్త మంచివాడే గాని "వాయిస్తే ఏడుస్తున్నావు కదా, ఇంక తీసి లోపల పెట్టేయ్" అంటాడు. పదేళ్ళ కూతురు మాత్రం పక్కన వచ్చి కూర్చుంటుందట. "నాకేమైనా మానసిక జబ్బా మేడమ్" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు వీణ సంగతి చెప్తాను, ఎందుకంటే మీరు మీ వేళ్ళని అనవసరంగా తిట్టుకుంటున్నారనిపించింది. వీణ మీద 24 మెట్లు మైనం కట్టు మీద నిలబడి ఉంటాయి కదా, 16 ఎండాకాలాలు రేకుల కింద ఉంటే ఆ మైనం మెత్తబడి మెట్లు కొంచెం కొంచెం పక్కకి జరిగిపోతాయి, ఒక్క గింజంత జరిగినా స్వరం తప్పుతుంది. తీగలు కూడా తుప్పు పట్టేసుంటాయి. అలాంటి వీణ మీద ఎంత పెద్ద విద్వాంసురాలు కూర్చున్నా అపస్వరమే వస్తుంది. మీరు రాసినదాంట్లో సగం తప్పు మేళానిది, అంటే ఆ మైనం మీద కట్టిన మెట్ల వరసది, మీది కాదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేసేవాళ్ళున్నారు, ఒకే పనస దుంగలోంచి తొలిచి చేస్తారు, రాజాం నుంచి దూరమేం కాదు. వాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళి తీగలు మార్పించి మేళం కొత్తగా కట్టించండి. అది అయ్యేదాకా మీ వేళ్ళ గురించి ఏ తీర్పూ ఇచ్చుకోవద్దు, మీ మీద ఒట్టు.

వేళ్ళు మర్చిపోవడం అన్నది కూడా మీరనుకున్నంత లేదు. సైకిల్ తొక్కడం, ముగ్గు వెయ్యడం లాంటి చేతి విద్యలు మెదడులో వేరే దారిలో దాచుకుని ఉంటాయి, పేర్లూ తేదీలూ మర్చిపోయినంత తొందరగా పోవు. అల్జీమర్స్ వచ్చి సొంత పిల్లల్ని గుర్తుపట్టలేని పెద్దవాళ్ళు కొందరు చిన్నప్పటి పాట మాత్రం తప్పు లేకుండా పాడేస్తారు, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన కొందరికి మామూలుగా పలకలేని మాట పాటలో మటుకు పలుకుతుంది. మీకు పోయింది ఎడమచేతి వేలి కొసల్లో గట్టిదనం, అంతే. కొన్ని వారాలు నొప్పెడతాయి, మళ్ళీ కాయలు కాస్తాయి. మాయామాళవగౌళ రాగంలో మొట్టమొదటి పాఠాలైన సరళీ స్వరాలు, జంట వరసలతో మొదలెట్టండి, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చిన్నపిల్లలాగా ఇదేంటి అని సిగ్గు పడకండి. మోహన గీతం జోలికి కొన్నాళ్ళు పోవద్దు.

ఇక ఏడుపు. ఇష్టమైన సంగీతంలో ఒళ్ళు జలదరించే చోటు వచ్చినప్పుడే కాదు, అది ఇంక వస్తోంది అని తెలిసే ముందు క్షణాల్లో కూడా మెదడులో డోపమైన్ అనే హాయినిచ్చే రసాయనం విడుదలవుతుందని 2011లో మాంట్రియల్ పరిశోధకులు స్కాన్లు తీసి చూపించారు. మెదడు పాటకంటే ఒక అడుగు ముందు నడుస్తుందన్నమాట. మీకు ఆ చోటుకి రాకముందే కళ్ళు నిండటం వింతేం కాదమ్మా, మీ మెదడుకి ఆ చోటూ తెలుసు, అక్కడ అరుగు మీద కూర్చుని తలూపే నాన్నా తెలుసు, ఇప్పుడు ఆయన లేరనీ తెలుసు. మూడూ ఒక్కసారే వస్తున్నాయి. అది జబ్బు కాదు. ఎనిమిది నెలలకి తండ్రి కోసం ఏడవడం ఎక్కువేం కాదు, నన్నడిగితే పెళ్ళయిన ఆడపిల్లకి పుట్టింటి దుఃఖం పూర్తిగా ఏడ్చే తీరిక ఈ దేశంలో ఎవరూ ఇవ్వరు, మీకు వీణ ఇచ్చింది.

కానీ ఒకటి గమనించుకోండి. వాయించి ఏడ్చి లేచాక గుండె కాస్త తేలికపడి వంటలోకి వెళ్ళగలుగుతున్నారా, లేక అదే తల్చుకుంటూ రోజంతా మంచం మీదే ఉంటున్నారా? మొదటిదైతే కంగారు లేదు. రెండోదైతే, అంటే రెండు వారాలు దాటి నిద్ర, తిండి సరిగ్గా లేక ఏ పని మీదా మనసు లేకపోతే, లేదా చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే ఆగకుండా 14416కి ఫోన్ చెయ్యండి, అది ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్, డబ్బులుండవు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

మీ ఆయన మీద కోపం పెట్టుకోకండి. మీ ఏడుపు చూసి ఆయనకి భయం, ఆపడానికి ఏం చెయ్యాలో తెలీక వీణని లోపల పెట్టేయమంటున్నాడు. "రోజూ సాయంత్రం పదిహేను నిమిషాలు నన్నొదిలెయ్యండి, ఏడ్చినా పలకరించకండి, నేనే లేచొచ్చి టీ పెడతా" అని సూటిగా చెప్పండి. గొల్లపల్లికి వీణ మోసుకెళ్ళే పని కూడా ఆయనకే అప్పజెప్పండి, చెయ్యడానికి ఒక పని దొరికితే మగవాళ్ళ భయం సగం పోతుంది.

అత్తగారితో వాదం వద్దు. మామూలుగా పెళ్ళయిన కూతురికి తండ్రి మైల మూడు రోజులే అంటారు, ఆచారం ఇంటింటికీ మారుతుంది కాబట్టి ఆ మాట మీరు అనొద్దు, మీ పురోహితుడి నోట ఆవిడకి వినిపించండి. అంతకంటే ముఖ్యం ఇంకోటుంది. ఆవిడ కూడా భర్తని పోగొట్టుకున్న మనిషే అని మీరే రాశారు, మరి ఆవిడ ఎక్కడ ఏడ్చారు? మన ఊళ్ళల్లో ఆ వయసు ఆడవాళ్ళకి ఊడుపు పాటలు, ఉయ్యాల పాటలు బోలెడొస్తాయి, ఎవరూ అడక్క నోట్లోనే ఉండిపోతాయి. ఏదో ఒక రాత్రి మనవరాలి చేత "నానమ్మా ఒక పాట పాడవా" అని అడిగించండి. ఒక్క పాట ఆవిడ నోట వచ్చాక ఇంట్లో పాటలేటి అన్న మాట మళ్ళీ వస్తుందని నేననుకోను.

పాప విషయంలో తొందర పడకండి. విజయనగరంలో 1919 నుంచీ సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పారు, ఘంటసాల, సుశీల అక్కడే చదివారు, పాపని అక్కడ చేర్పించాలని మీకూ ఆశ ఉండొచ్చు. అవన్నీ తర్వాత. ఇప్పుడు తను పక్కన కూర్చుంటోంది పాఠం కోసం కాదు, అమ్మ ఏడుస్తోందని. "తాతయ్య గుర్తొచ్చారు, అందుకే" అని చెప్పి ఒక తీగ మీటనివ్వండి చాలు.

మేళం కట్టించాక వీణని మళ్ళీ రేకుల కింద పెట్టకండి, గోడ పక్కన చాప మీద, ఎండ తగలని చోట ఉంచి పాత నూలు చీర కప్పండి.