పిస్టల్‌కు రెడ్ డాట్ కొనే ముందు కళ్లు చూపించుకోండి

మీరు అడిగింది ఇదీ: వయసు 47, ఉండేది విజయవాడ, రెండేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తున్నారు. ఏడాదిగా ఫ్రంట్ సైట్ (గొట్టం కొసన గురి చూడటానికి ఉండే చిన్న పలక) మసగ్గా కనిపిస్తోంది. గురి చూసే చోట ఎర్ర చుక్క కనిపించే రెడ్ డాట్ సైట్ పెట్టుకుంటే సరిపోతుందని ఎవరో చెప్పారు. ఎయిర్ పిస్టల్‌కూ, ఇంట్లో లైసెన్సు మీద ఉన్న .32 పిస్టల్‌కూ పనికొచ్చే ఒక మంచి సైట్ చెప్పమన్నారు.

మాది గుంటూరండి. నాకిప్పుడు 55. సరిగ్గా ఇదే బాధతో ఏడేళ్ల కిందట నేనూ రెడ్ డాట్ కొన్నాను. మొదటిది మూడు నెలల్లో పక్కన పడేశాను, రెండోది ఈ రోజుకీ వాడుతున్నాను. ఆ రెండింటి మధ్య నేను నేర్చుకున్నది మీకు డబ్బు ఖర్చు కాకముందే చెప్పాలని రాస్తున్నాను.

ముందు ఒక మాట. మీరు రాష్ట్ర పోటీలకో, జాతీయ పోటీలకో వెళ్లే ఉద్దేశంతో ఉంటే రెడ్ డాట్ ఆలోచన ఇక్కడితో ఆపేయండి. ఐ.ఎస్.ఎస్.ఎఫ్. (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల ప్రకారం పిస్టల్ పోటీల్లో ఓపెన్ సైట్లు, అంటే ముందూ వెనకా ఉండే మామూలు లోహపు సైట్లు మాత్రమే వాడాలి. పిస్టల్ మీద లెన్సు, లేజర్, రెడ్ డాట్, ఏదీ కుదరదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచినా, పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చినా ఓపెన్ సైట్లతోనే. అయితే చూపు సరిచేసే అద్దాలు కంటికి పెట్టుకోవడానికి అనుమతి ఉంది. మీ సమస్యకు అసలు మందు అక్కడే ఉండొచ్చు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక ఆ .32 పిస్టల్. మన దగ్గర లైసెన్సు మీద దొరికే .32 పిస్టళ్ల స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ కదిలే పైభాగం) మీద రెడ్ డాట్ కూర్చోబెట్టే కోత మామూలుగా ఉండదు. ఆటోనగర్‌లో లేత్ పని తెలిసినవాళ్లు ఏదైనా చేసి ఇస్తారని మనకు నమ్మకం, అది నిజమే కూడా. కానీ ఈ పనికి అక్కడికి వెళ్లకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతు చేసేవాళ్లకూ లైసెన్సు ఉండాలి. లేనివాళ్ల చేతికి ఆయుధం ఇస్తే వాళ్లూ చిక్కుల్లో పడతారు, మీరూ పడతారు. దాన్ని ఉన్నదున్నట్టు వదిలేయండి.

ఇప్పుడు కంటి సంగతి. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. మొదటి రెడ్ డాట్ ఆరు వేలు పెట్టి కొన్నాను. ఇంటికి తెచ్చి ఆన్ చేసి చూస్తే చుక్క లేదు. ఒక ఎర్రటి గీత, దాని పక్కన ఇంకో మరక, మొత్తం తోకచుక్కలా ఉంది. మోసపోయానని రాత్రంతా బాధపడ్డాను. ఆదివారం రేంజ్‌కు తీసుకెళ్లి, మా క్లబ్బులో ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడికి చూపించాను. కంటికి పెట్టుకుని, "బాబాయ్, నాకు గుండ్రంగానే ఉందే" అన్నాడు. తన ఫోన్ కెమెరాను సైట్ వెనక పెట్టి ఫొటో తీశాడు. ఫొటోలో చుక్క చక్కగా, చిన్న కుంకుమ బొట్టులా ఉంది. తప్పు సైట్‌ది కాదు, నా కంటిది.

మర్నాడు అరండల్‌పేటలో కంటి డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. కుడి కంటికి సిలిండర్ పవర్ 1.25 వచ్చింది. దూరం బాగానే కనిపిస్తోంది కదా అని అన్నాళ్లూ పట్టించుకోలేదు. కొత్త అద్దాలు పెట్టుకుని చూస్తే తోక పోయింది, చుక్క చుక్కలా నిలబడింది. సిలిండర్ పవర్‌తో సరిచేసే ఈ లోపాన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. అది ఉన్నవాళ్లలో చాలామందికి ఇలాగే కనిపిస్తుంది. కొనే ముందు మీరూ ఈ పరీక్ష చేసుకోండి. ఎవరిదైనా రెడ్ డాట్ అడిగి, తుపాకీకి బిగించనిది అయితే మంచిది, కంటి ముందు పెట్టుకుని, అందులోంచి చూస్తూనే గడియారం ముల్లులా తిప్పండి. సైట్‌తో పాటు మరక కూడా తిరిగితే లోపం సైట్‌ది. మరక కదలకుండా అలాగే ఉంటే లోపం కంటిది. అట్టముక్కకు సూదితో రంధ్రం పొడిచి అందులోంచి చూసినా తెలుస్తుంది. చుక్క గుండ్రంగా మారితే కళ్లు చూపించుకోవాల్సిందే.

మీ ఫ్రంట్ సైట్ మసకబారడం మాత్రం చత్వారం వల్ల అయ్యుంటుంది. మన వయసులో కంటి కటకం గట్టిపడి దగ్గరి వస్తువు మీద ఫోకస్ నిలవదు. చాచిన చేతి చివర ఉన్న సైట్ అటు చదువుకునే దూరంలోనూ లేదు, ఇటు దూరపు చూపులోనూ లేదు. చదువుకునే అద్దాలతో చూస్తే టార్గెట్ మొత్తం పోతుంది. డాక్టరుకు "షూటింగ్ చేస్తాను, నా కంటి నుంచి ఫ్రంట్ సైట్ ఇంత దూరంలో ఉంటుంది" అని సెంటీమీటర్లలో కొలిచి చెప్పండి. నాకు దూరపు పవర్ మీద 0.75 కలిపి ఒక్క కంటికి అద్దం రాశారు. ఫ్రంట్ సైట్ అంచులు మళ్లీ కత్తిరించినట్టు కనిపించాయి. టార్గెట్ కొంచెం మసగ్గా ఉంటుంది, అది అలాగే ఉండాలి. మీకు ఎంత కలపాలో మీ డాక్టరే చెప్పాలి. ఈ అద్దం పోటీల్లోనూ వాడుకోవచ్చు. ముందు ఈ ఖర్చు పెట్టండి.

ఇవన్నీ అయ్యాక కూడా సరదా షూటింగ్‌కో, ప్రాక్టికల్ పోటీలకో (వేగంగా కదులుతూ కాల్చేవి) రెడ్ డాట్ కావాలంటే అప్పుడు కొనండి. ఇందులో మాయ ఏమీ లేదు. చిన్న ఎల్.ఈ.డి. నుంచి వచ్చే ఎర్రటి వెలుగు వంపు తిరిగిన అద్దం మీద పడి మీ కంటికి తిరిగి వస్తుంది. ఆ చుక్క అద్దం మీద కాకుండా చాలా దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి మీరు టార్గెట్‌నే చూస్తారు. ఫ్రంట్ సైట్, బ్యాక్ సైట్, టార్గెట్ అని మూడింటి మధ్య కన్ను తిరగాల్సిన అవసరం ఉండదు. చత్వారం వచ్చినవాళ్లకు ఇందులో ఉన్న సుఖం నిజమే.

చుక్క సైజును ఎమ్.ఓ.ఏ. (మినిట్ ఆఫ్ యాంగిల్) అనే కోణం కొలతలో చెబుతారు. 1 ఎమ్.ఓ.ఏ. అంటే 10 మీటర్ల దగ్గర దాదాపు 2.9 మిల్లీమీటర్లు, 25 మీటర్ల దగ్గర 7.3. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పదో రింగు 11.5 మిల్లీమీటర్లే. 6 ఎమ్.ఓ.ఏ. చుక్క అక్కడ 17 మిల్లీమీటర్లు దాటుతుంది, అంటే పది పూర్తిగా దాని కింద దాక్కుంటుంది. 3 అయితే తొమ్మిది మిల్లీమీటర్ల లోపే. కాగితం మీద గురి చూసేవాళ్లకు 2 లేదా 3 సరిపోతుంది. వేగంగా తుపాకీ ఎత్తి కాల్చే ఆటలకు 6 హాయిగా ఉంటుంది, వెంటనే దొరుకుతుంది. నాది 3.

వెలుతురు తగ్గించే బటన్లకు ఎన్ని మెట్లు ఉన్నాయో, అన్నిటికన్నా కింది మెట్టులో వెలుగు ఎంత తక్కువగా ఉందో చూడండి. మే నెల ఎండలో ఎక్కువ వెలుగు కావాలి, షెడ్డులో ట్యూబ్‌లైటు కింద అదే వెలుగు పువ్వులా విచ్చుకుని పది రింగును మింగేస్తుంది. ఎప్పుడూ చుక్క కనిపించేంత వరకే వెలుగు పెట్టుకోవాలి.

నా మొదటి సైట్‌ను వదిలేయడానికి కారణం కన్ను కాదు, స్క్రూలు. అద్దాలు మార్చాక రెండు వారాలు బాగా పడ్డాయి. తర్వాత గుంపు (గుండ్లు పడిన రంధ్రాలన్నీ కలిసి) ఎడమకు జరగడం మొదలైంది. ట్రిగ్గర్ లాగడంలో తప్పు చేస్తున్నానని రోజూ గంటసేపు ఖాళీ పిస్టల్‌తో సాధన చేశాను. ఒకరోజు వేలితో తట్టి చూస్తే సైట్ కదులుతోంది. బిగిస్తే వారం నిలిచేది, మళ్లీ వదులయ్యేది. సైట్‌ను పిస్టల్‌కు పట్టి ఉంచే మౌంట్ లోహమే మెత్తన, గాడి అరిగిపోయింది. అమ్మినవాళ్లు మార్చి ఇవ్వలేదు. రెండో సైట్‌కు మౌంట్ మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాను. స్క్రూలు వదులవకుండా పట్టి ఉంచే నీలం రంగు లాక్‌టైట్ జిగురు ఒక చుక్క వేసి, బిగించాక స్క్రూ తల మీద నుంచి బాడీ దాకా మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత గీశాను. ఆ గీత విరిగిందంటే స్క్రూ తిరిగినట్టే. రేంజ్‌లో మొదటి గుండుకు ముందు దాన్ని చూడటం అలవాటైపోయింది.

మీ పిస్టల్ పైన ఉన్న రైలు (మౌంట్ బిగించే పట్టాలాంటిది) 11 మిల్లీమీటర్ల సన్నటి డవ్‌టెయిలా, వెడల్పాటి పికటినీయా కొలిచి తెలుసుకోండి. ఒకదాని మౌంట్ ఇంకోదానికి పట్టదు. మ్యాచ్ ఎయిర్ పిస్టళ్లలో చాలావాటికి పైన రైలే ఉండదు. స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ పిస్టల్ అయితే దెబ్బ ముందుకీ వెనక్కీ రెండు వైపులా తగులుతుంది, తేలికపాటి సైట్లు దానికి ఆగవు.

బ్రాండ్లలో ట్రిజికాన్ ఆర్.ఎమ్.ఆర్., హోలోసన్ 507సి, వోర్టెక్స్ వెనమ్ లాంటివి అద్దం తెరిచి ఉండే రకం. ఎయిమ్‌పాయింట్ ఆక్రో మూసిన పెట్టె రకం. మన ఉక్కపోతలో నుదుటి చెమట బొట్టు ఒక్కటి ఎల్.ఈ.డి. మీద పడితే తెరిచిన సైట్‌లో చుక్క చెదిరిపోతుంది. ధర భరించగలిగితే మూసిన రకం మేలని నా అభిప్రాయం. బ్యాటరీ పక్కనుంచో పైనుంచో మార్చుకునేలా ఉండాలి. పాత ఆర్.ఎమ్.ఆర్. మోడళ్లలో సైట్ మొత్తం ఊడదీసి కింద నుంచి మార్చాలి, మళ్లీ జీరో (చుక్క ఉన్న చోటే గుండు పడేలా సరిచేయడం) సరిచూసుకోవాలి.

జీరో చేయడం సులువే. 10 మీటర్ల దగ్గర ఇసుక సంచి మీద పెట్టి అయిదు గుండ్లు కాల్చి, గుంపు మధ్య నుంచి ఎంత జరపాలో కొలవండి. ఒక్కో క్లిక్ 1 ఎమ్.ఓ.ఏ. అయితే 2 సెంటీమీటర్లకు ఏడు క్లిక్కులు. చుక్కను ఎప్పుడూ కిటికీ మధ్యలోనే ఉంచండి. ఇంత దగ్గర దూరంలో తల పక్కకు జరిగితే గురి కొన్ని మిల్లీమీటర్లు తప్పే సైట్లు ఉన్నాయి.

మొదటి నెల మీ స్కోరు తగ్గుతుంది, కంగారు పడకండి. చెయ్యి ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది, ఓపెన్ సైట్‌తో అది ఇంత కళ్లకు కట్టినట్టు కనిపించదు. ఇక్కడ చుక్క పది మీద నుంచి తొమ్మిదికి, ఎనిమిదికి పోతూ ఉంటే, పది మీదికి రాగానే లాగేయాలని వేలు తొందరపడుతుంది. నేను మూడు వారాలు అలాగే చెడగొట్టుకున్నాను. మా కోచ్ టార్గెట్ తీసేసి తెల్ల కాగితం పెట్టి, "సార్, చుక్క ఎక్కడ తిరిగినా తిరగనివ్వండి, మీరు ట్రిగ్గర్ మాత్రం ఆగకుండా నొక్కండి" అన్నారు. రోజుకు యాభై సార్లు, గుండు లేకుండా. నాలుగో వారానికి టెన్షన్ తగ్గింది.

గుంటూరు వైపు వచ్చే పని ఉంటే ఆదివారం ఉదయం ఏడు లోపు మా రేంజ్‌కు రండి. మీ కళ్లజోడు, కంటి డాక్టరు రాసిన చీటీ వెంట తెచ్చుకోండి. నా సైట్‌లోంచి చూసి, చుక్క మీకు ఎలా కనిపిస్తోందో తెలుసుకున్నాకే కొనుక్కుందురు.