మాత్రలు మానకుండానే సీబీటీ మొదలుపెట్టించండి

అక్కా, నంద్యాల బస్సెక్కితే గుండె దడ వచ్చి మీ తమ్ముడు ఓర్వకల్లులోనే దిగిపోతున్నాడన్నారు. ఆందోళన తగ్గించే ఎస్సిటలోప్రామ్ మాత్ర మొదలుపెట్టి పది రోజులైనా గుణం లేదు, మానేసి సీబీటీకి, అంటే ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే థెరపీకి, తీసుకెళ్లాలా అని అడిగారు. దయచేసి మాన్పించకండి. ఆ మందు పనిచేయడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది, మొదట్లో కొందరికి టెన్షన్ కాస్త పెరుగుతుంది కూడా. రెండూ కలిపి నడిపించొచ్చు. మందు దడను తగ్గిస్తే, థెరపీలో చెప్పిన పని చేయడానికి ధైర్యం వస్తుంది.

ఆ పని ఎలా ఉంటుందంటే, బస్సెక్కే ముందు నోట్‌బుక్‌లో 'గుండె ఆగిపోతుంది, భయం 100కి 90' అని రాసుకుంటాడు. దడ వచ్చినా దిగకుండా కూర్చుంటాడు. తర్వాత నిజంగా ఏం జరిగిందో పక్కనే రాస్తాడు. ఇలా వారాల తరబడి చేయాలి, అసలు మార్పు ఇక్కడే వస్తుంది. బస్సు కోసమని క్లోనాజెపామ్ (కంగారును త్వరగా అణిచే మాత్ర) వేసుకుంటుంటే మాత్రం డాక్టర్‌కు తప్పక చెప్పండి. మాత్ర వల్లే గట్టెక్కాననుకుంటే భయం అలాగే ఉండిపోతుంది.

కర్నూలు పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీలో అడగండి. రాత్రిపూట కంగారైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.