ఎర్రనీళ్ల దగ్గర మొదలుపెట్టు బిడ్డా

ప్రశ్న: టీచర్ గారూ, నమస్తే. మాది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. పదో తరగతి తెలుగు మీడియంలో పాసై ఎనిమిదేళ్లయింది. ఆ ఏడే పెళ్లి చేశారు. ఇద్దరు పిల్లలు. నర్సింగ్ చదవాలన్న ఆశ మాత్రం పోలేదు. ఈసారి ఓపెన్ స్కూల్ ఇంటర్‌లో చేరి బయాలజీ, కెమిస్ట్రీ తీసుకున్నాను. బయాలజీ చదివితే అర్థమవుతోంది. కెమిస్ట్రీలో మోల్ అనే మాట దగ్గరే ఆగిపోయాను. గైడు కొని బట్టీ పడుతున్నా, తెల్లారేసరికి ఒక్క సమీకరణం గుర్తుండట్లేదు. ట్యూషన్‌కు దేవరకొండ పోయి రావడం కుదరదు. ఇంట్లో కూర్చుని నేర్చుకోగలనా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– ఒక సోదరి

జవాబు: నేర్చుకోగలవు బిడ్డా. నేను నేర్చుకున్నదీ ఇంట్లోనే.

1979లో నల్లగొండలో ఇంటర్ మొదటి సంవత్సరం చదివాను. కెమిస్ట్రీ తప్పాను. నాదీ నీలాంటి చదువే. పేజీలకు పేజీలు అప్పజెప్పేదాన్ని, ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే చెయ్యి ఆగిపోయేది. ఆ వేసవి అంతా మునుగోడు దగ్గర మా ఊళ్లోనే ఉన్నాను. చెప్పేవాళ్లు ఎవరూ లేరు. తమ్ముడి ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం మాత్రం ఇంట్లో ఉంది. వేరే దిక్కులేక అదే తెరిచాను. పదిహేను రోజులు గడిచాక తెలిసింది, నాకు రానిది ఇంటర్ పాఠం కాదని, దాని కింద ఉండాల్సిన పునాదే లేదని. సప్లిమెంటరీలో పాసయ్యాను. ఆ తర్వాత జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫై ఒక్క ఏళ్లు భౌతిక రసాయన శాస్త్రాలే చెప్పాను.

అందుకని నా మొదటి మాట: గైడును నెలన్నర పాటు అటక మీద పెట్టు. ఊళ్లో చదువుకునే పిల్లల దగ్గర ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పుస్తకాలు అడిగి తెచ్చుకో. ఇప్పటి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటోంది. నీకు అది పెద్ద ఆసరా. నర్సింగ్‌కు పోతే పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. 'ఆమ్లం' అన్నచోట 'యాసిడ్', 'సంయోజకత' అన్నచోట 'వేలెన్సీ' అని ఇప్పటి నుంచే పక్కన రాసుకుంటూ పో. పదో తరగతిలో ఆమ్లాలు–క్షారాలు–లవణాలు, పరమాణు నిర్మాణం, ఆవర్తన పట్టిక, రసాయన బంధం, కార్బన్ సమ్మేళనాలు, ఈ ఐదూ గట్టిగా పట్టుకో. లోహాల పాఠం ఒకసారి చదివితే చాలు.

ముందు సంకేతాలు, ఆవేశాలు. పాత పెళ్లిపత్రికలు కత్తిరించి చిన్న ముక్కలు చెయ్యి. ఒక్కో ముక్క మీద ఒక్కో అయాన్, అంటే ఆవేశమున్న కణం, రాయి. సోడియం ప్లస్ 1, కాల్షియం ప్లస్ 2, అల్యూమినియం ప్లస్ 3. అటువైపు క్లోరైడ్ మైనస్ 1, హైడ్రాక్సైడ్ మైనస్ 1, కార్బొనేట్ మైనస్ 2, సల్ఫేట్ మైనస్ 2, ఫాస్ఫేట్ మైనస్ 3. ఇరవై ముక్కలు చాలు. రెండు ముక్కలు తీసి పక్కపక్కన పెట్టి ప్లస్సులు, మైనస్సులు సమానమయ్యేదాకా కలుపు. అల్యూమినియం సల్ఫేట్‌కు అల్యూమినియం రెండు కావాలి, సల్ఫేట్ మూడు కావాలి. అటు ఆరు, ఇటు ఆరు. ఫార్ములా ఎవరూ చెప్పకుండానే నీ చేతిలో పుడుతుంది. పుట్టినదాన్ని మరిచిపోవు.

సమీకరణం తుల్యం చెయ్యడం మీ మహిళా సంఘం పుస్తకం లాంటిదే. వచ్చినదీ పోయినదీ సరిపోవాలి. మనం సత్తు గిన్నె అంటామే, అది అల్యూమినియం. గాలి తగిలితే దాని మీద సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది. నాలుగు అల్యూమినియం పరమాణువులు, మూడు ఆక్సిజన్ అణువులు కలిస్తే రెండు అల్యూమినియం ఆక్సైడ్‌లు. 4Al + 3O₂ → 2Al₂O₃ అని రాస్తాం. ఎడమ పక్క అల్యూమినియం నాలుగు, ఆక్సిజన్ ఆరు. కుడి పక్కనా అంతే. ఇక్కడ నా పిల్లలు ఏటా చేసిన తప్పు ఒకటుంది. లెక్క కుదరకపోతే ఫార్ములా లోపలి చిన్న అంకెను మార్చేసేవాళ్లు. దాన్ని ముట్టావంటే పదార్థమే మారిపోతుంది. ముందున్న పెద్ద అంకెనే మార్చాలి. రోజుకు ఐదు సమీకరణాలు, చూడకుండా, కాగితం మీద. కెమిస్ట్రీ కళ్లతో చదివితే నిలవదు, రాయాలి.

ఇక నువ్వు ఆగిపోయిన మోల్. వడ్లు గింజలు లెక్కపెట్టి అమ్మం కదా, బస్తా లెక్కన అమ్ముతాం. పరమాణువులు మరీ చిన్నవి కాబట్టి వాటికీ ఒక కుప్ప కొలత పెట్టారు, అదే మోల్. ఆ కుప్పలో 6.022 × 10²³ కణాలుంటాయి. కుప్ప ఏదైనా సంఖ్య ఒకటే, బరువు మాత్రం పదార్థాన్ని బట్టి మారుతుంది. నీళ్లయితే ఒక మోల్ 18 గ్రాములు, అంటే మూడు నాలుగు చిన్న చెంచాలు. ఉప్పయితే 58.5 గ్రాములు.

పొలంకాడ ఖాళీ యూరియా బస్తా ఉంటుంది, తెచ్చి చూడు. నత్రజని 46 శాతం అని ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో నువ్వే తేల్చగలవు. యూరియా అణువులోని పరమాణు భారాలు కూడు: కార్బన్ ఒకటి 12, ఆక్సిజన్ ఒకటి 16, నత్రజని రెండు 28, హైడ్రోజన్ నాలుగు 4. మొత్తం 60, అంటే ఒక మోల్ యూరియా 60 గ్రాములు. అరవైలో 28 అంటే నూటికి 46.67. బస్తాలో కొంచెం తేమా అవీ ఉంటాయి కాబట్టి 46 అని వేస్తారు. 45 కిలోల బస్తా చల్లితే చేనుకు చేరే నత్రజని 20.7 కిలోలే. ఈ లెక్క మీ ఆయనకు చెప్పు. చెప్పగలిగిన రోజు మోల్ నీకు వచ్చినట్టే. ఆ తర్వాత సున్నపురాయి లెక్క చెయ్యి. 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ను బాగా కాలిస్తే 56 గ్రాముల సున్నం మిగులుతుంది, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బట్టీలో రాయి బరువు ఎందుకు తగ్గుతుందో ఇక అడగాల్సిన పని లేదు.

ప్రయోగాలు లేవని బాధపడకు. బిడ్డకు దిష్టి తీసే ఎర్రనీళ్లే మొదటి ప్రయోగం. పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎరుపు. అందులో నిమ్మరసం పిండుతూ పో, మళ్లీ పసుపు అవుతుంది. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం, వాటిని పట్టిచ్చేది పసుపు. బట్ట మీది పసుపు మరక సబ్బు తగిలితే ఎందుకు ఎర్రబడుతుందో కూడా ఇందులోనే ఉంది. రెండోది, తాంబూలం సున్నం ఒక చెంచా గ్లాసెడు నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచు. పొద్దున పైన తేరిన నీళ్లు మాత్రం వంచుకుని, గొట్టంతో మెల్లగా ఊదు. పాలలా తెల్లబడతాయి. నీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి మళ్లీ కాల్షియం కార్బొనేట్ అయింది. గోడకు సున్నం వేస్తే రెండు మూడు రోజులకు గట్టిపడి మెరిసేదీ ఇందుకే. ఊదాలి, పీల్చొద్దు. పిల్లలను దూరంగా ఉంచు, కంట్లో పడితే ప్రమాదం. ఒక్కటి మాత్రం ఎన్నడూ చెయ్యకు: బాత్రూము కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో కలపకు. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను కాలుస్తుంది.

నువ్వు మర్రిగూడ పేరు రాశావు కాబట్టి ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. మా నాయనమ్మ యాభై ఏళ్లకే నడుము వంగి, నేల చూస్తూ నడిచేది. నా ఈడు పిల్లలకు పళ్ల మీద గోధుమరంగు చారలు. ఊరంతా అది తలరాత అనుకుంది. అది కెమిస్ట్రీ. మన కిందున్న గ్రానైటు రాళ్ల నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కరుగుతుంది. ఎముకలోని కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజంలో హైడ్రాక్సైడ్ ఉన్నచోట ఫ్లోరైడ్ పోయి కూర్చుంటుంది. రెండింటికీ ఆవేశం మైనస్ 1, పరిమాణం దగ్గర దగ్గర, అందుకే ఆ చోటు సరిపోతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఆ నీటిని బాగుచేసే పద్ధతి కనిపెడితే దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు. పటిక నుంచి వచ్చే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలా కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. అది అవక్షేపం. ఇప్పుడు ఇంటికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి, సంతోషమే. అయినా నువ్వు నర్సువై మన పల్లెల్లోనే పనిచేస్తే, ఒక తల్లికి ఆ బోరు నీళ్లు ఎందుకు తాగొద్దో వివరంగా చెప్పగలగాలి. నీకు ఈ సబ్జెక్టు రావాలని నేను ఇంత పట్టుబట్టడం దానికే.

టైము సంగతి. పిల్లలు పడుకున్నాక చదువుదామంటే నిద్ర ఆగదు, నాకు తెలుసు. వాళ్లు లేవకముందు ముప్పావు గంట చాలు, కానీ రోజూ ఉండాలి. అర్థం కానివి ఒక పుస్తకంలో రాసిపెట్టుకో. ఓపెన్ స్కూల్ సెంటర్లో సెలవు రోజుల్లో క్లాసులు పెడతారు. ఉత్త చేతులతో పోకుండా ఆ పుస్తకం పట్టుకుని పో, పది ప్రశ్నలకు జవాబులు రాబట్టుకుని రా. ప్రాక్టికల్స్ ఎగ్గొట్టొద్దు. ఆర్గానిక్, అంటే కార్బన్ సమ్మేళనాల భాగం, చివరికి పెట్టుకో. కార్బన్‌కు నాలుగు చేతులని తెలిశాక అది అంత భయపెట్టదు.

ప్రశ్న: మేడం, మాది కల్వకుర్తి. మా అబ్బాయి పదో తరగతిలోకి వచ్చాడు. ఇంట్లో ప్రయోగాలు చేసే కిట్టు కొనిమ్మని అడుగుతున్నాడు. నేను సైన్సు చదవలేదు. కొనాలా?
– ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే వద్దండి. ముందు బడిలో సైన్సు టీచరును కలిసి ల్యాబ్ తెరిపించమని అడగండి. తల్లిదండ్రులు అడిగితే చాలా చోట్ల తలుపు తెరుచుకుంటుంది. నేను పనిచేసిన ఒక బడిలో బీరువా తాళం నాలుగేళ్లుగా తీయలేదని ఒక తండ్రి వచ్చి అడిగాకే నాకూ తెలిసింది. ప్రభుత్వం నడిపే టి-శాట్ విద్య ఛానల్లో పాఠాలు ఉచితంగా వస్తాయి, టీవీలో పెట్టి మీరూ పక్కన కూర్చోండి. రాత్రి అన్నం తినేటప్పుడు, ఆ రోజు నేర్చుకున్నది ఒక్కటి మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. మీరు సైన్సు చదవకపోవడం ఇక్కడ మేలే. మీకు అర్థం కాకపోతే వాడికి పూర్తిగా రాలేదన్నమాట. కిట్టు డబ్బుతో నాలుగు పెద్ద నోటుపుస్తకాలు, ఒక ఆవర్తన పట్టిక చార్టు కొనండి. చార్టును వాడు పడుకునే చోట, కళ్లు తెరవగానే కనిపించే ఎత్తులో కట్టండి.