అమ్మకి సీప్యాప్ పడటం లేదు, పళ్ళకి పెట్టుకునే పరికరం పనిచేస్తుందా?

పనిచేస్తుందండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియాకి సీప్యాప్, అంటే మాస్క్‌తో గాలి పంపే మెషీన్, పడనివాళ్ళకి ఇదొక దారి. మీ అమ్మగారికి వచ్చిన రీడింగ్‌కి తప్పకుండా ప్రయత్నించి చూడొచ్చు. కాకపోతే ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్ళలో ముంచి కొరికి పెట్టుకునే రకం మాత్రం కొనకండి. డాక్టర్ దగ్గర పరికరం చేయించాక మళ్ళీ ఒకసారి స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్ష) చేయించకుండా వదిలేయకండి. ఈ రెండో మాట కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

అమ్మగారికి 56 ఏళ్ళనీ, వైజాగ్ గాజువాకలో ఉంటారనీ, ఏహెచ్‌ఐ (నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, సన్నబడిందో చెప్పే అంకె) 19 వచ్చిందనీ రాశారు. మాస్క్ పెట్టగానే ఊపిరి సలపనట్టుందని అర్ధరాత్రి తీసేస్తున్నారు. కింద ఒక పక్క రెండు దవడ పళ్ళు లేవు. నాదీ ఇంచుమించు ఆ వయసే. ఇక్కడే సీతమ్మధారలో ఉంటాను, స్కూల్ టీచర్ని. నా ఏహెచ్‌ఐ 24. మాస్క్‌తో నిద్ర పట్టక, డాక్టర్ సలహా మీదే ఈ పరికరానికి మారాను.

ముందుగా ఒక విషయం. మీ అమ్మగారికి స్టడీ దాకా వెళ్ళి జబ్బు బయటపడటమే పెద్ద మేలు. ఆడవాళ్ళలో ఇది చాలాసార్లు గురకగా బయటపడదు. పొద్దున్నే తలనొప్పి, రాత్రి పదేపదే మెలకువ, పగలంతా నీరసం, చిరాకు ఉంటాయి. నెలసరి ఆగిపోయాక స్లీప్ ఆప్నియా వచ్చే అవకాశం పెరుగుతుంది, కానీ ఇంట్లో వాళ్ళూ, ఒక్కోసారి డాక్టర్లూ అన్నిటినీ ఆ వయసు ఖాతాలో వేసేస్తారు. నాకూ అలాగే బీపీ అన్నారు, థైరాయిడ్ అన్నారు, టెన్షన్ తగ్గించుకోమన్నారు. మధ్యాహ్నం క్లాసులో నిలబడే కళ్ళు మూతలు పడుతుంటే అది ఒళ్ళు బరువు వల్ల వచ్చిన బద్ధకమనే అనుకున్నారు అందరూ.

ఇక పరికరం సంగతి. నిద్రలో గొంతు చుట్టూ ఉండే కండరాలు వదులవుతాయి. నాలుక, కొండనాలుక చుట్టుపక్కల మెత్తటి భాగం వెనక్కి జారి గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. సీప్యాప్ గాలిని ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. పళ్ళ పరికరం కింది దవడని కాస్త ముందుకి లాగి పట్టుకుంటుంది. నాలుక మొదలు కింది దవడకే అతుక్కుని ఉంటుంది కాబట్టి దవడతో పాటు అదీ ముందుకి వచ్చి, వెనక చోటు ఏర్పడుతుంది. ఏహెచ్‌ఐ 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అంటారు. తీవ్రమైన వాళ్ళకి మొదట సీప్యాప్ చెబుతారు. అంకెలు తగ్గించడంలో సీప్యాప్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. కానీ రాత్రి రెండు గంటలకి తీసి పక్కన పెట్టేసే మెషీన్ మిగతా రాత్రికి ఏమీ చేయదు కదా. తెల్లార్లూ నోట్లో ఉండే పరికరం కొంచెం తక్కువ పనిచేసినా మొత్తం మీద ఫలితం దగ్గరదగ్గరగా వస్తుంది. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2015 మార్గదర్శకాల్లో కూడా, సీప్యాప్ భరించలేనివాళ్ళకి అసలు ఏ చికిత్సా లేకుండా వదిలేయడం కన్నా ఇది ఇవ్వమనే ఉంది. అది కూడా నోటి కొలతలతో చేసి, తర్వాత సరిచేసుకునే వీలున్న రకమే మేలని చెప్పారు. అమ్మగారి రిపోర్ట్‌లో ‘సెంట్రల్’ ఆప్నియాలు ఎక్కువగా ఉన్నాయేమో ఒకసారి చూడండి. అవి మెదడు నుంచి సంకేతం అందక వచ్చేవి, దవడ జరిపితే తగ్గవు.

చేయించడం ఇలా ఉంటుంది. ముందు పళ్ళు, చిగుళ్ళు, చెవి దగ్గరి దవడ కీలు చూసి ఎక్స్‌రే తీస్తారు. పై, కింది వరసల్లో పట్టు దొరకడానికి తగినన్ని గట్టి పళ్ళు ఉండాలి. మామూలుగా వరసకి 8 నుంచి 10 అయినా ఉంటే మంచిదంటారు. అమ్మగారికి రెండే లేవు కాబట్టి అదొక్కటీ అడ్డు కాకపోవచ్చు. చిగుళ్ళ జబ్బుతో పళ్ళు కదులుతున్నా, కీలులో నొప్పి ఉన్నా ముందు దానికి వైద్యం చేయాలి. తర్వాత అచ్చులు తీసుకుంటారు, లేదా స్కాన్ చేస్తారు. కింది దవడని మీరు ఎంతవరకు ముందుకి తేగలరో మిల్లీమీటర్లలో కొలిచి, అందులో సుమారు సగం దూరంలో మొదలుపెడతారు. పరికరానికి పక్కన చిన్న స్క్రూలు ఉంటాయి. డాక్టర్ చెప్పినప్పుడు వాటిని తిప్పుకుంటూ దవడని కొద్దికొద్దిగా ముందుకి తేవాలి. కొరికి పెట్టుకునే రకంలో ఈ పట్టూ ఉండదు, ఈ సర్దుబాటూ ఉండదు. వైద్యం జరిగేదే ఆ సర్దుబాటులో.

నా అనుభవంలో అసలు చెప్పాల్సింది ఇదే. పెట్టుకున్న కొద్ది వారాలకే మా ఇంట్లో గురక దాదాపు వినపడలేదు. మా వారు చాలా సంతోషించారు. నాకూ పగలు కాస్త తేలిగ్గా ఉంది. అప్పుడు పరికరం నోట్లో పెట్టుకునే మళ్ళీ స్లీప్ స్టడీ చేయించమన్నారు డాక్టర్. ఏహెచ్‌ఐ 13 వచ్చింది! చప్పుడు పోయింది కానీ ఊపిరి మాత్రం గంటకి పదమూడు సార్లు ఆగుతూనో, సన్నబడుతూనో ఉంది. ఇంకొంచెం ముందుకి జరిపాక మరో స్టడీలో 6కి దిగింది. ఆ మధ్యలో ఆపేసి ఉంటే ఇంట్లో అందరం తగ్గిపోయిందనే నమ్మేవాళ్ళం. అసలు స్లీప్ స్టడీ లేకుండానే గురకకి పరికరం చేసి ఇచ్చేస్తామన్న క్లినిక్కూ ఒకటి తగిలింది నాకు. కొలవకుండా ఇచ్చేవాళ్ళ దగ్గరికి దయచేసి అమ్మగారిని తీసుకెళ్ళకండి.

ఇబ్బందులు లేవని చెప్పను. మొదట్లో నోరు ఊరి దిండు తడుస్తుంది, కొందరికి ఎండిపోతుంది. పొద్దున దవడ బిగుసుకుని ఉంటుంది, పళ్ళు కలవనట్టు అనిపిస్తుంది. నాకు ఇడ్లీ నమలడం కూడా కష్టంగా ఉండేది, తర్వాత సర్దుకుంది. లేచాక చేయాల్సిన దవడ వ్యాయామం చెబుతారు, మానకూడదు. ఏళ్ళ తరబడి వాడితే కింది ముందు పళ్ళు కాస్త ముందుకి వాలి, పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు మారొచ్చు. అందుకే డెంటిస్ట్‌కి క్రమం తప్పకుండా చూపించుకుంటూ ఉండాలి. పరికరాన్ని వేడినీళ్ళలో వేస్తే ఆకారం మారిపోతుంది, చల్లటి నీళ్ళలో మెత్తటి బ్రష్‌తోనే కడగాలి. మరో లాభం ఏమిటంటే దీనికి కరెంటు అక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరు మనది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్ళినా చిన్న డబ్బాలో పెట్టుకుని పోవచ్చు.

వైజాగ్‌లో ఎక్కడ అని అడిగారు. అమ్మగారికి స్టడీ రాసిన డాక్టర్ దగ్గరే మొదలుపెట్టి, డెంటిస్ట్‌కి చీటీ రాయించుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే వాల్తేరులో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి, ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి. ముక్కు దూలం వంకర ఉన్నా, ముక్కు మూసుకుపోతున్నా మాస్క్ అందుకే పడకపోయి ఉండొచ్చు, అది చూపించడం మంచిది. పరికరం కోసం ప్రోస్తోడాంటిస్ట్‌ని (కట్టుడు పళ్ళు చేసే డెంటిస్ట్) గానీ ఆర్థోడాంటిస్ట్‌ని (పళ్ళ వరస సరిచేసే డెంటిస్ట్) గానీ కలవాలి. రుషికొండ గీతం డెంటల్ కాలేజీ లాంటి బోధనాసుపత్రిలో ఈ స్పెషలిస్టులందరూ ఒకేచోట ఉంటారు. ఫోన్ చేసి “స్లీప్ ఆప్నియాకి దవడ ముందుకి జరిపే, సర్దుకునే పరికరం చేస్తారా, తర్వాత స్లీప్ స్టడీకి పంపిస్తారా” అని అడగండి. రెండో ప్రశ్నకి సరైన జవాబు వస్తేనే వెళ్ళండి.

స్టడీ రిపోర్ట్ మొదటి పేజీ ఒక్కటే కాకుండా, ఆక్సిజన్ ఎంతకి పడిందో, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎలా ఉందో చూపించే పేజీలు కూడా పట్టుకెళ్ళండి. లేని పళ్ళకి బ్రిడ్జి కట్టించాలన్నా, పుచ్చు పళ్ళు పూడ్పించాలన్నా అచ్చులు తీయకముందే పూర్తి చేయించండి. తర్వాత చేయిస్తే పరికరం సరిగ్గా కూర్చోదు, మళ్ళీ డబ్బు పెట్టాలి. రీటెస్ట్‌లో అంకె తగ్గిందని తేలేదాకా సీప్యాప్ మెషీన్‌ని అమ్మేయకండి. ఈలోపు అమ్మగారిని పక్కకి తిరిగి పడుకోమనండి, మాస్క్ భరించగలిగినన్ని గంటలైనా పెట్టుకోమనండి.